కుక్కకు మూర్ఛ వస్తే పిచ్చి పట్టినట్లేనా?

మానవుడు మచ్చిక చేసికొన్న జంతువులలో కుక్క మొట్టమొదటిది. ఆవు, మేక, గుర్రం మొదలైనవన్నీ దాని తరువాత మన ముంగిట చేరినవే. మా తల్లాడ ప్రాంతంలో కుక్కతో మనిషికి గల పొత్తు తెలుసుకొనుటకు గ్రంథాలు తిరగవేయనక్కరలేదు. ఖమ్మం నుండి సత్తుపల్లి పోయే రహదారి మీది దుకాణాల ముందు రాత్రి కాపలా కుక్కదే. మిరప కల్లాల వద్ద కావలి కుక్కదే. ఏన్కూరు, జూలూరుపాడు దిక్కున అడవి అంచులలో మేకల మంద వెంట కాపరికి తోడు నడిచేదీ కుక్కయే. ఇంతగా మనతో కలసి బ్రతికే ప్రాణికి ఒంట్లో బాగులేనప్పుడు మాత్రం మనకు తెలిసిన వైద్యం చాలా సార్లు ఒక్కటే: కర్ర. ముఖ్యంగా కుక్క నేలపై పడి, కాళ్లు కొట్టుకొంటూ, నోట నురుగులు కక్కితే అది పిచ్చికుక్క అని తీర్పు చెప్పి కొట్టి చంపుట ఆచారంగా ఉన్నది. ఈ తీర్పులో నిజమెంత, పొరపాటు ఎంత, అటువంటి సమయంలో చదువుకొన్నవారి కర్తవ్యమేమి అను విషయాలను మా విద్యార్థులకు వివరించుట ఈ వ్యాసం ఉద్దేశం. మేము పశువైద్యులము కాము. తెలుగు బోధించే అధ్యాపకులము. అయినను మా ఇంట జరిగిన ఒక సంఘటన ఈ విషయాన్ని శ్రద్ధగా తెలుసుకొనునట్లు చేసినది.

మోతీ పడిపోయిన సాయంకాలం

మా ఇంట మోతీ అనే నాటు కుక్క ఉండేది. అప్పటికి దాని వయసు నాలుగేండ్లు. ఒక వేసవి సాయంకాలం దీపాలు పెట్టే వేళకు మా విద్యార్థి ఒకడు పాఠంలో సందేహం తీర్చుకొనుటకు వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. అతని పక్కనే నిద్రపోతున్న మోతీ హఠాత్తుగా లేచి, రెండడుగులు తూలి, పక్కకు ఒరిగిపోయినది. మెడ వెనుకకు వంగి నాలుగు కాళ్లు కొయ్యలవలె బిగుసుకొన్నవి. మరికొన్ని క్షణాలకు ఆ కాళ్లు నీళ్లలో ఈదుతున్నట్లు కొట్టుకొనసాగినవి. దవడలు టకటక కొట్టుకొన్నవి, నోట నురుగు వచ్చినది, మూత్రం పోయినది. నాలుక మింగివేస్తుందేమో అని ఆ విద్యార్థి జాలితో దాని నోట వేళ్లు పెట్టినాడు. రెండు వేళ్లకు పళ్లు దిగి రక్తం వచ్చినది.

కేక విని వీధి అంతా చేరినది. ఒకరు తాళపుచెవుల గుత్తి తెచ్చి కుక్క కాళ్లకు ఆనించమన్నారు. మరొకరు ఉల్లిపాయ వాసన చూపమన్నారు. ఎదురింటి పెద్దమనిషి కర్రతో వచ్చి, “సార్, దగ్గరకు పోకండి. దీనికి పిచ్చి లేచింది. ఇప్పుడు కొట్టకపోతే రేపు వీధిలో పిల్లలను కరుస్తది” అన్నాడు. దాచుట ఎందుకు? మా మనసు కూడా ఆ కర్ర వైపే మొగ్గినది. పిల్లవాని చేతి నుండి రక్తం కారుతున్నది. గత సంవత్సరమే వేయించవలసిన పిచ్చి నివారణ టీకాను రేపు, మాపు అంటూ వాయిదా వేసినవారము మేమే. ఆ క్షణంలో మా శ్రీమతి గోడ గడియారం వైపు చూపి, “రెండు నిమిషాలు కూడా కాలేదు, ఆగండి” అన్నది. మాకైతే అరగంట గడిచినట్లు తోచినది. ఆమె మాట ముగిసేలోగానే కాళ్లు కొట్టుకొనుట ఆగినది.

మోతీ లేచి, మమ్ములను గుర్తు పట్టక, గోడలకు తగులుకొంటూ వసారా అంతా తిరిగినది. గంట గడిచిన పిమ్మట తోక ఊపుతూ వచ్చి నీళ్ల గిన్నె ఖాళీ చేసినది. “నీళ్లు తాగింది కదా, ఇక పిచ్చి లేనట్లే” అని కొందరు ఊరట చెందినారు. ఆ ఊరట కూడా సరియైనది కాదని తరువాత తెలిసినది.

విద్యార్థి చేతిని సబ్బుతో కుళాయి క్రింద 15 నిమిషాలు కడిగించి ఆ రాత్రే ఆసుపత్రికి తీసికొనిపోయినాము. టీకాల వరుస మొదలైనది. మోతీని చంపనీయలేదు, గొలుసుతో కట్టి పది దినాలు పరిశీలనలో ఉంచినాము. ఆ పది దినాలు మా ఇంట ఎవరికీ కంటినిండ నిద్ర లేదు. ప్రతి ఉదయం ఆ పిల్లవాని తండ్రి గేటు బయటనే నిలిచి, “అది తిన్నదా సార్?” అని అడిగి పోయేవాడు. పదకొండవ దినం కూడా మోతీ తిన్నది.

మూర్ఛ అనగా ఏమి?

ఈ వ్యాధిని తెలుగులో మూర్ఛ అనియు, అపస్మారం అనియు, పల్లెలలో కాకిసోమాల అనియు అంటారు. ఉర్దూలో మిర్గీ అంటారు. నేడు అందరి నోట ఫిట్స్ అనే మాట స్థిరపడినది. దయ్యమో, దైవకోపమో పట్టినదని లోకం నమ్మిన కాలంలోనే, సుమారు 2,400 సంవత్సరాల క్రిందట, గ్రీసు దేశపు వైద్యుడు హిపోక్రటీసు పేర నిలిచిన ఒక గ్రంథంలో ఇది మెదడుకు సంబంధించిన వ్యాధి అని వాదించినారు. ఈ జబ్బు మేకలకు కూడా వచ్చుననియు, అట్టి మేక తల కోసి చూస్తే మెదడులోనే దోషం కనిపించుననియు ఆ గ్రంథకర్త ఉదాహరణ చూపినాడు. జంతువు మూర్ఛను చూచి మనిషి మూర్ఛను గ్రహించుట అంత పాత సంగతి.

మెదడులోని నాడీకణాలు సూక్ష్మమైన విద్యుత్ సంకేతాలతో పరస్పరం మాటలాడుకొంటాయి. తరగతిలో విద్యార్థులు ఒకరి తరువాత ఒకరు సమాధానం చెప్పినంత కాలం పాఠం సాగుతుంది. అందరూ ఒక్కసారిగా అరవసాగితే ఎవరి మాటా వినబడదు. మూర్ఛ అటువంటిదే. అదుపు తప్పిన నాడీకణాలు ఒక్కపెట్టున విద్యుత్తును వెలువరించగా, వాటి ఆజ్ఞలో ఉండే కండరాలు బిగుసుకొని కొట్టుకొంటాయి. ఆ సమయంలో కుక్కకు స్పృహ ఉండదు. అది ఎవరినీ కరవదలచదు, ఎవరినీ గుర్తించదు. మా విద్యార్థి వేళ్లు తెగినవి కుక్క కోపం వలన కాదు, మూసుకొన్న దవడ వలన. నాలుక మింగుట అనేది ఏ కుక్కకూ జరగదు. ఈ ఒక్క సంగతి ముందుగా తెలిసి ఉంటే ఆ రాత్రి ఆసుపత్రి ప్రయాణమే ఉండేది కాదు.

మూర్ఛను మూడు దశలుగా గుర్తించవచ్చును. మొదటిది ముందు సూచన. కొన్ని కుక్కలు కొంత సేపటి ముందు నుండియే అశాంతిగా తిరుగుతాయి, మూలన దాగుతాయి, లేదా యజమానిని అంటిపెట్టుకొంటాయి. రెండవది అసలు మూర్ఛ. ఇది సాధారణంగా ఒకటి రెండు నిమిషాలలో ముగుస్తుంది. మూడవది తేరుకొనే దశ. ఇది కొద్ది నిమిషాలు మొదలు కొన్ని గంటల వరకు, ఒక్కొక్కప్పుడు దినమంతా ఉండవచ్చును. ఈ దశలో చూపు మందగించి గోడలకు కొట్టుకొనుట, అమితమైన ఆకలి దప్పులు, తనవారిని గుర్తించకపోవుట కనిపిస్తాయి. చూచేవారిని ఎక్కువగా భయపెట్టి కర్ర పట్టించేది ఈ మూడవ దశయే. కాలు నిలిచి లేచిన కుక్క తూలుతూ మన మీదికి రాగా, పిచ్చి ముదిరినదని అనుకొంటాము. నిజానికి అది దారి తెలియక తడుముకొంటున్న ప్రాణి.

అన్ని మూర్ఛలూ ఇంత బీభత్సంగా ఉండవు. ముఖంలో ఒక పక్క మాత్రమే అదురుట, ఒకే కాలు కొట్టుకొనుట, లేని ఈగలను పట్టుటకు గాలిలో కొరుకుట కూడా మూర్ఛ రూపాలు కావచ్చును. మరొక వైపు మూర్ఛవలె కనబడునవన్నీ మూర్ఛ కాదు. నిద్రలో కాళ్లు కదలించి సన్నగా మొరిగే కుక్కను పేరు పెట్టి పిలిస్తే మేలుకొంటుంది, అది కల. పరుగెత్తినప్పుడో, గట్టిగా దగ్గినప్పుడో మెత్తగా కూలి, కొద్ది క్షణాలకే మామూలుగా లేచి నడిచే కుక్కకు గుండె జబ్బు ఉండవచ్చును. తల ఒక పక్కకు వాల్చి, కన్నుగుడ్లు అటు ఇటు కదలుచు, గుండ్రంగా తిరిగే కుక్కకు చెవి లోపలి భాగంలో దోషం ఉండవచ్చును.

కారణాలు: మన ఊరిలో చూడవలసినవి

కారణం వెదకుటలో కుక్క వయసు తొలి ఆధారం. ఆరు నెలలు నిండి ఆరేండ్లు దాటని కుక్కకు మొదటిసారి మూర్ఛ వచ్చి, మధ్య కాలంలో అది పూర్తిగా మామూలుగా ఉండి, పరీక్షలలో మరే దోషమూ కనబడకపోతే, దానిని కారణాంతరం లేని మూర్ఛ వ్యాధిగా పశువైద్యులు భావిస్తారు. ఇందులో వంశపారంపర్యం పాలు ఎక్కువ. ల్యాబ్రడార్, అల్సేషియన్, బీగిల్ వంటి జాతులలో ఇది తరచుగా కనిపించినను నాటు కుక్కలకు రాదనుకొనుట పొరపాటు. ఇంగ్లండులోని పశువైద్యశాలలకు వచ్చిన కుక్కలను పరిశీలించి 2013లో ప్రకటించిన లెక్క ప్రకారం మూర్ఛ వ్యాధి గలవి నూటికి 0.62, అనగా వెయ్యింటికి ఆరు. ఇది అరుదైన వింత కాదు.

ఆరు నెలల లోపు పిల్లలలో కారణాలు వేరు. టీకా లేని కుక్కపిల్లలలో డిస్టెంపర్ అనే అంటువ్యాధి ముఖ్యమైనది. దీనికి మూలం వైరస్ అని 1905లో ఫ్రాన్సు దేశపు పశువైద్యుడు కారే నిరూపించినాడు. కండ్లలో పుసి, ముక్కు కారుట, జ్వరం, విరేచనాలతో మొదలై, కొన్ని వారాలకు దవడ నములుతున్నట్లు అదరుటకు, మూర్ఛకు దారి తీస్తుంది. చిన్న జాతి పిల్లలకు ఆహారం అందక రక్తంలో చక్కెర తగ్గినను మూర్ఛ రావచ్చును. ఈని నాలుగు వారాలు దాటని తల్లి కుక్క, ముఖ్యంగా పొమెరేనియన్ వంటి చిన్న జాతిది, రొప్పుతూ, వణకుతూ, కాళ్లు బిగుసుకొని పడిపోతే అది పాలతో కాల్షియం తరిగిపోయిన లక్షణం. పిల్లలను తాత్కాలికంగా వేరు చేసి వెంటనే వైద్యుని వద్దకు చేర్చవలెను. వైద్యుడు నరం ద్వారా నెమ్మదిగా ఎక్కించే కాల్షియంతో అది కోలుకొంటుంది. ఆరేండ్లు దాటిన తరువాత తొలిసారి మూర్ఛ వచ్చిన కుక్కలో మెదడు కణితి, కాలేయ వ్యాధి, మూత్రపిండాల వ్యాధి ఉన్నవేమో చూడవలసి ఉంటుంది.

ఇక మన ప్రాంతానికి ప్రత్యేకమైన కారణాలు మూడు. మొదటిది ఎండ. కుక్కకు మనవలె ఒళ్లంతా చెమట పట్టదు. నాలుక చాచి రొప్పుట ఒక్కటే అది చల్లబడే ముఖ్య మార్గం. దాని సహజమైన శరీర ఉష్ణోగ్రత సుమారు 101 నుండి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్. మే నెలలో రేకుల షెడ్డు క్రింద గొలుసుతో కట్టివేసిన కుక్కకు ఇది 106 దాటితే మెదడు దెబ్బ తిని మూర్ఛ వస్తుంది. అప్పుడు నీడకు చేర్చి, ఒంటి మీద చల్లని నీళ్లు పోసి, విసురుతూ వైద్యుని వద్దకు తీసికొనిపోవలెను.

రెండవది పురుగుమందు. ప్రత్తి, మిరప పండే నేల మనది. మోనోక్రోటోఫాస్ జాతి మందు కలిసిన నీళ్లు త్రాగినను, గుళికల మందు కలిపిన ఎర తిన్నను కుక్క నోట చొంగ ధారగా కారుతుంది. కండ్ల నీరు, వాంతి, విరేచనం, సూది మొనవలె చిన్నవైన కంటిపాపలు, ఒళ్లంతా కండరాల అదురు, తరువాత మూర్ఛ వరుసగా కనిపిస్తాయి. ఎండోసల్ఫాన్ కూడా మూర్ఛ కలిగించే విషమే. దానిని సుప్రీంకోర్టు 2011లో నిషేధించినది. మోనోక్రోటోఫాస్ జాతి విషానికి అట్రోపిన్ అనే విరుగుడు ఉన్నది. కాని ఏ మందో తెలిస్తేనే వైద్యుడు సకాలంలో సరియైన విరుగుడు ఇవ్వగలడు. కావున మందు డబ్బాను, కాగితాన్ని వెంట తీసికొనిపోవుట మరువరాదు. ఒంటి మీద మందు పడిన కుక్కను కడిగేవారు చేతులకు ప్లాస్టిక్ సంచులైనా తొడుగుకొనవలెను.

మూడవది మన అడవిలో పెరిగే ముష్టి చెట్టు. ఉర్దూలో దీని గింజనే కుచ్లా అంటారు. చొక్కా బొత్తామువలె గుండ్రంగా, పట్టువలె నునుపైన నూగుతో ఉండే ఈ గింజలోని విషం స్ట్రిక్నిన్. దీనిని 1818లో ఫ్రాన్సు రసాయన శాస్త్రజ్ఞులు పెల్లెటియే, కావెంతూలు వేరు చేసినారు. ఈ విషం తిన్న కుక్క నాలుగు కాళ్లు చాచి కొయ్యబల్లవలె బిగుసుకొంటుంది. చిన్న చప్పుడైనా, వెలుతురు పడినా, చేయి తగిలినా మళ్లీ బిగుసుకొంటుంది. మామూలు మూర్ఛకు దీనికి గల తేడా ఏమనగా, ఇందులో స్పృహ పోదు. ఆ బాధ అంతయు తెలుస్తూనే ఉంటుంది. ఊరకుక్కలను చంపుటకు ఒకప్పుడు ఈ విషాన్నే గుండెలోనికి సూదితో ఎక్కించేవారు. జంతువుల పట్ల క్రూరత్వ నివారణకు 1960లో చేసిన చట్టం తన 11వ సెక్షన్‌లో ఆ పద్ధతిని పేరు పెట్టి మరీ నేరంగా పేర్కొన్నది.

పిచ్చికుక్క భయం: నిజమెంత?

పైన చెప్పినవన్నీ విని, ఇక పిచ్చికుక్క అనేదే లేదని తలచరాదు. పిచ్చి, అనగా రేబీస్, లక్షణాలు కనిపించిన పిమ్మట మనిషికి దాదాపుగా మందు లేని వ్యాధి. ప్రపంచంలో ఏటా సుమారు 59,000 మంది దీనికి బలి అగుచున్నారని 2015 నాటి అంచనా. మన ఎదురింటి పెద్దమనిషి భయం అర్థం లేనిది కాదు. ఆయన చూపిన మార్గమే పొరపాటు.

పిచ్చిని గుర్తించుటకు మొదట చూడవలసినది మూర్ఛను కాదు, నడవడిలో మార్పును. మచ్చికైన కుక్క కారణం లేక కరచుట, రాళ్లను, కర్రలను కొరుకుట, గమ్యం లేక ఊళ్లు పట్టి తిరుగుట, గొంతు మారుట, దవడ వ్రేలాడుట, మింగలేక చొంగ కారుట, వెనుక కాళ్లు పడిపోవుట దీని గుర్తులు. కొన్ని కుక్కలలో కోపమే ఉండదు. మూలన మూగగా పడి ఉంటాయి. గొంతులో ఎముక ఇరుక్కొన్నదని చేయి పెట్టి చూచినవారు ఈ రెండవ రకం వలన ప్రమాదంలో పడతారు. పిచ్చి ముదిరిన కుక్కకు కూడా మూర్ఛ రావచ్చును. నీటిని చూచి భయపడుట మనిషిలో కనిపించే లక్షణం. పిచ్చికుక్క నీళ్లు తాగనూ వచ్చు, కాలువ ఈదనూ వచ్చు. అందుకే మోతీ నీళ్లు తాగుట మాకు సాక్ష్యం కాలేదు.

రెండింటికి గల పెద్ద తేడా కాలంలో ఉన్నది. మూర్ఛ వ్యాధి గల కుక్క తేరుకొంటుంది. మర్నాటికి తన సహజ స్థితికి వస్తుంది. పిచ్చి గల కుక్క దినదినానికి క్షీణిస్తుంది. వెనుకకు తిరిగి రాదు. పిచ్చి క్రిములు కుక్క చొంగలోనికి వచ్చేది దాని ఆఖరి దినాలలోనే. కావున కరచిన నాటి నుండి పది దినాలు కుక్క ఆరోగ్యంగా బ్రతికి ఉంటే, కరచిన నాడు దాని చొంగలో ఆ క్రిమి లేదని అర్థం. కరచిన కుక్కను వెంటనే చంపివేస్తే ఏమగును? ఆ సాక్షి నోరు మూతపడుతుంది. మెదడును ప్రయోగశాలకు పంపి పరీక్షింపజేస్తే తప్ప నిజం తెలియదు. పల్లెలలో అది జరిగే పని కాదు. కుక్కను బ్రతికి ఉండనిచ్చుట కుక్క మీది జాలి మాత్రమే కాదు, కరువబడిన మనిషికి చేసే మేలు కూడా.

అయితే పది దినాలు చూచి అప్పుడు టీకా వేయించుకొందామనుట ప్రాణాంతకం. కాటు పడగానే సబ్బుతో, పారే నీటితో 15 నిమిషాలు కడుగవలెను. కారం, సున్నం, పసరు పూయరాదు. ఆ దినమే టీకా మొదలు పెట్టవలెను. రక్తం వచ్చిన గాయమైతే గాయం చుట్టూ ఇచ్చే ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడా అవసరం. కుక్క పది దినాలు బ్రతికినది కనుక మిగిలిన సూదులు మానవచ్చునా, లేదా అనునది వైద్యుడే చెప్పవలెను. బొడ్డు చుట్టూ 14 సూదులు అనే భయం మన పెద్దల నుండి సంక్రమించినది. ఆ పాత మందు తయారీ మన దేశంలో 2004 చివరలో నిలిచిపోయినది. నేటి టీకా భుజానికి ఇస్తారు. చర్మంలోనికి ఇచ్చే పద్ధతిలో 0, 3, 7, 28వ దినాలలో ముగుస్తుంది. పాశ్చర్ 1885 జూలై 6న జోసెఫ్ మైస్టర్ అనే తొమ్మిదేండ్ల బాలునికి తొలి టీకా వేసినప్పుడు ఆ తల్లి ఎంత దూరం ప్రయాణించి పారిస్ చేరినదో చదివితే, నేడు ఊరి దగ్గరనే దొరికే సూదికి వెనుకాడుట ఎంత అవివేకమో తెలుస్తుంది.

ఆ రెండు నిమిషాలలో ఏమి చేయవలెను?

మొదట గడియారం చూడవలెను. ఇది చిన్న పనిగా తోచును. కాని అన్నిటికంటె ముఖ్యమైనది ఇదే. భయంలో కాలం సాగినట్లు తోచుట మా అనుభవమే. మూర్ఛ ఐదు నిమిషాలు దాటినా, తేరుకొనక ముందే మరొకటి వచ్చినా, 24 గంటలలో రెండు లేదా అంతకు మించి వచ్చినా అది ఆపద. మెదడు దెబ్బ తినే ప్రమాదం ఉన్నది కావున ఆలస్యం చేయక వైద్యుని వద్దకు చేర్చవలెను.

రెండవది, నోటి దగ్గరకు చేయి పోనీయరాదు. వేలు గాని, చెంచా గాని, తాళపుచెవి గాని, నీళ్లు గాని, పాలు గాని నోట పెట్టరాదు. పోసినది ఊపిరితిత్తులలోనికి పోయి ప్రాణం తీయవచ్చును. తాళపుచెవులు పట్టించినందువలన మూర్ఛ ఆగినదని నమ్మకం ఎందుకు నిలిచినదనగా, ఒకటి రెండు నిమిషాలలో అది తనంతట తానే ఆగుతుంది కనుక.

మూడవది, చుట్టూ ఉన్నవానిని తొలగించవలెను. మెట్లు, బావి గట్టు, పొయ్యి, బల్ల అంచుల వద్ద పడి ఉంటే వెనుక వైపు నుండి మెల్లగా ఇవతలకు లాగవచ్చును. తల క్రింద గోనెసంచి గాని, పాత దుప్పటి గాని ఉంచవచ్చును. కాళ్లను అదిమి పట్టరాదు. పిల్లలను, ఇతర కుక్కలను దూరం చేయవలెను. తోటి కుక్కలు మీదపడి కరచుట కద్దు. రేడియో, టీవీ ఆపి, దీపం తగ్గించి, గుంపును పంపివేయవలెను.

నాలుగవది, ఒకరు తమ సెల్‌ఫోన్‌తో ఆ దృశ్యాన్ని చిత్రీకరించవలెను. వైద్యుని వద్దకు చేరేసరికి కుక్క మామూలుగా తోక ఊపుతుంటుంది. వంద మాటల వర్ణన కంటె ఒక నిమిషం చిత్రం ఆయనకు ఎక్కువ చెబుతుంది.

ఐదవది, లేచిన కుక్కను వెంటనే కౌగిలించరాదు. దూరం నుండి పేరు పెట్టి పిలుస్తూ, తలుపు మూసిన గదిలో తేరుకొననీయవలెను. పూర్తిగా స్పృహ వచ్చి నిలకడగా నిలిచిన తరువాతనే నీళ్లు, కొద్దిగా ఆహారం ఇవ్వవలెను. టీకా వేయని కుక్క అయితే చొంగ తగిలిన చేతులను సబ్బుతో కడిగి, చేతికి గీతలున్నచో వైద్య సలహా తీసికొనవలెను.

చివరిది, ఒక నోటు పుస్తకం పెట్టవలెను. తేదీ, వేళ, ఎన్ని నిమిషాలు, ముందు ఏమి తిన్నది, ఎక్కడ తిరిగినది, ఇంటి దగ్గర ఏ మందు చల్లినారు అనే వివరాలు వ్రాయవలెను. రెండు మూడు నెలల వ్రాతలు చేరితే వైద్యునికి దారి కనిపిస్తుంది.

మందులు

ఒక్కసారి మూర్ఛ వచ్చినంత మాత్రాన జీవితాంతం మందు అవసరం లేదు. ఆరు నెలలలో రెండు లేదా అంతకు మించి వచ్చినప్పుడు, లేదా పైన చెప్పిన ఆపద స్థితి కలిగినప్పుడు వైద్యులు మందు మొదలు పెడతారు. వాడుకలో ఉన్నవాటిలో ముఖ్యమైనది ఫినోబార్బిటాల్. మనుష్యుల మూర్ఛకు దీనిని 1912 నుండి వాడుచున్నారు. అంతకంటె పాతది పొటాషియం బ్రోమైడ్. 1857 నుండి తెలిసినది. ఆపద వేళ మూర్ఛను ఆపుటకు డయాజిపామ్ ఇస్తారు. ఇంట్లో మనిషికి ఉన్న మూర్ఛ మాత్రను అంచనాతో కుక్కకు వేయరాదు. మనుష్యులలో ప్రసిద్ధమైన ఫెనిటాయిన్ కుక్క శరీరంలో చాలా త్వరగా కరిగిపోయి నిరుపయోగమగును.

ఫినోబార్బిటాల్ మొదలు పెట్టిన తొలి వారాలలో కుక్క మత్తుగా తూలుతుంది. ఆకలి, దప్పిక పెరుగుతాయి. దీనికి భయపడి మందు మానరాదు. ఒక్కసారిగా మానితే మూర్ఛలు మునుపటి కంటె ఉధృతంగా వస్తాయి. ఏడాదికి ఒకటి రెండుసార్లు రక్తపరీక్షతో కాలేయం పరిస్థితి చూపించవలెను. వ్యాధి పూర్తిగా నయమగుట అరుదు. మూర్ఛల సంఖ్య తగ్గి, కుక్క సుఖంగా బ్రతుకుటయే చికిత్స ఆశయం.

మండల కేంద్రాలలో ప్రభుత్వ పశువైద్యశాలలు ఉన్నవి. 1962 అనే సంఖ్యకు ఫోను చేస్తే వచ్చే సంచార పశువైద్య వాహనాలు తెలంగాణలో 2017లో ప్రారంభమైనవి. క్లిష్టమైన పరీక్షలకు రాజేంద్రనగర్‌లోను, వరంగల్లు వద్ద మామునూరులోను పశువైద్య కళాశాలలు ఉన్నవి.

ముగింపు

మోతీకి ఆ తరువాత రెండు నెలలలో మరి రెండుసార్లు మూర్ఛ వచ్చినది. రెండుసార్లూ గడియారం చూచినాము. రెండుసార్లూ ఎవరూ కర్ర తేలేదు. పశువైద్యుడు దానికి మూర్ఛ వ్యాధి అని నిర్ణయించి ఉదయం, సాయంకాలం మాత్ర వ్రాసినాడు. ఆ విద్యార్థి తన టీకాలన్నీ పూర్తి చేసికొన్నాడు. వేళ్ల మీద గుర్తులు మిగిలినవి. ఆ గుర్తులు చూచినప్పుడెల్లా మాకు జ్ఞాపకం వచ్చేది కుక్క పళ్లు కాదు, మేము వాయిదా వేసిన టీకా. అది సకాలంలో వేయించి ఉంటే ఆ తండ్రి పది ఉదయాలు మా గేటు బయట నిలువవలసిన పని ఉండేది కాదు.

మా కళాశాల పాలకవర్గం వారికి ఒక విన్నపం. పాశ్చర్ మరణించిన సెప్టెంబరు 28వ తేదీని ప్రపంచ రేబీస్ దినంగా జరుపుచున్నారు. ఆ దినం పశుసంవర్ధక శాఖవారి తోడ్పాటుతో మన కళాశాల ఆవరణలో పెంపుడు కుక్కలకు టీకాలు వేయించే శిబిరం నడుపవచ్చును. వీధి వీధి తిరిగి కుక్కలున్న ఇండ్ల జాబితా వ్రాసే పని విద్యార్థులు చేయగలరు. దీనికి కావలసినది పెద్ద ధనం కాదు. కొన్ని గంటల శ్రమ, ఒక నోటు పుస్తకం.

విద్యార్థులకు మేము చెప్పదలచినది ఇంతే. మీ వీధిలో ఒక కుక్క పడి కొట్టుకొంటుంటే చేతులను దూరంగా ఉంచండి, కర్రను ఆపండి, గడియారం చూడండి. కరువబడినవారు ఉంటే ఆ దినమే ఆసుపత్రికి తీసికొనిపోండి. కుక్కను పది దినాలు కట్టి ఉంచండి. అది పిచ్చియో, మూర్ఛయో ఆ పది దినాలే తేల్చి చెబుతాయి.